మడ్‌గార్డ్ కింద మూడంగుళాలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది తెనాలి. నాన్నగారు వాడిన 1982 నాటి ప్రీమియర్ పద్మిని ఇంకా మా ఇంట్లోనే ఉంది. అందులో పాత మీడియం వేవ్ రేడియో పనిచేస్తోంది. ఏరియల్ మాత్రం ఎప్పుడో విరిగిపోయింది. మడ్‌గార్డ్‌లో దాని చిల్లుకు ఎవరో రేకు అతికి పెయింట్ వేసేశారు. మొన్న విజయవాడ ఆటోనగర్‌లో ఓ పాత ఇనుము కొట్లో జర్మనీ ఏరియల్ ఒకటి కనిపిస్తే 400 రూపాయలు పెట్టి తెచ్చాను. ఏదో విదేశీ కారు నుంచి ఊడదీసిందట. గొట్టాలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. కొన ముక్క లేదు, కింద కేబుల్ కోసేసి ఉంది. ఇంట్లో మిగిలిన డిష్ కేబుల్ ముక్క అతికి, కారు కిటికీ పక్కన తాడుతో కట్టి చూశాను. స్టేషన్ నూతిలోంచి పలికినట్టు వినిపిస్తోంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్ అని మోత, ఆక్సిలరేటర్ తొక్కితే ఆ మోత ఇంకా జోరందుకుంటోంది. మెకానిక్ ఏమో "ఇది మీ బండికి పడదు సార్, అద్దానికి అంటించే స్టిక్కర్ ఏరియల్ కొనుక్కోండి" అంటున్నాడు. నిజంగా పడదంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పడుతుంది. మీ మెకానిక్ బాధ బండితో కాదు, ఈ పనికి పట్టే రెండు రోజులతో. అతన్నీ తప్పు పట్టలేం. రెండు రోజుల కూలి మీరిస్తారో లేదో అతనికేం తెలుసు!

ఏరియల్ అనగానే అందరి చూపూ పైకి మెరుస్తూ కనిపించే కడ్డీ మీదే ఉంటుంది. గవర్నర్‌పేటలో నేను కొట్టు నడిపిన రోజుల్లో "కడ్డీ మార్చండి" అంటూ వచ్చిన కార్లలో చాలావాటికి కడ్డీ నిక్షేపంలా ఉండేది. జబ్బంతా మడ్‌గార్డ్ కింద మూడంగుళాల్లో ఉండేది. కేబుల్ లోపలి తీగ కడ్డీని కలిసేదీ, దాని చుట్టూ అల్లిన లోహపు జాలీ బండి బాడీని కలిసేదీ అక్కడే. మీరు తాడుతో కట్టారు కాబట్టి ఆ రెండో కలయిక అసలు లేనే లేదు. మొదటిది తప్పుడు కేబుల్‌తో ఉంది. పాపం ఆ జర్మనీ కడ్డీ ఏం చేస్తుంది?

కేబుల్ సంగతి ముందు తేలుద్దాం. 837 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి విజయవాడ కేంద్రం అల పొడవు దాదాపు 358 మీటర్లు. దానికి సరిగ్గా సరిపోయే నిలువు ఏరియల్ కావాలంటే అందులో పావు వంతు, అంటే 90 మీటర్ల కడ్డీ ఉండాలి. మన కారు మీద ఉండేది మీటరు. అందుకని మీడియం వేవ్‌లో అది ఏరియల్ కంటే ఓ చిన్న కండెన్సర్‌లా, అంటే కాస్త కరెంటు నిలవ ఉంచుకునే గిన్నెలా ప్రవర్తిస్తుంది, పదీ పదిహేను పికోఫారడ్లంత (ఆ గిన్నె సైజుకు కొలత అది). దాని వెనక మీరు తగిలించే కేబుల్ కూడా ఒక కండెన్సరే. చెంబులో నీళ్ళను చెంబులో పోస్తే మట్టం తగ్గదు, బిందెలో పోస్తే అడుగుకు అంటుకుపోతుంది. కేబుల్ గిన్నె పెద్దదైతే స్టేషన్ బలమూ అంతే. మీ డిష్ కేబుల్ మీటరుకు 50 పికోఫారడ్లు పైమాటే. కొందరు వైర్‌లెస్ సెట్ల 50 ఓమ్‌ల నల్ల కేబుల్ తెచ్చి వేస్తారు, "మిలిటరీ క్వాలిటీ అండీ" అంటూ. అది మీటరుకు దాదాపు 100. క్వాలిటీ నిజమే గాని మన పనికి అది బిందె కాదు, గోళెం.

కార్ల కోసమే చేసిన ఏరియల్ కేబుల్ వేరు. దాన్ని కోసి చూస్తే ఆశ్చర్యపోతారు. లోపల వెంట్రుకంత సన్నని తీగ, దాని చుట్టూ బోలు గొట్టం, ఎక్కువ భాగం ఖాళీ గాలి. మీటరుకు 30కి అటూ ఇటూ. కారు యాక్సెసరీల షాపులో "ఏరియల్ ఎక్స్‌టెన్షన్" అని అడగండి, ఒకటిన్నర మీటరుది ఇస్తారు. ఒక చివర మోటరోలా ప్లగ్ ఉండాలి, మీ పాత సెట్‌కు అదే దూరుతుంది. (ఆ పేరు మొదట కారు రేడియోదే. 1930లో షికాగోలోని గాల్విన్ కంపెనీ తన కారు రేడియోకు మోటరోలా అని పేరు పెట్టింది. 1947లో కంపెనీ పేరే అలా మార్చుకుంది. రేడియోను పాతసామాను అనేవాళ్ళకు ఇది చెబుతుంటాను.) రెండో చివర కోసేసి మీ ఏరియల్ అడుగున టంకం పెట్టాలి. ఆ సన్న తీగ వేడికి గొట్టంలోంచి జారిపోతుంది, కాబట్టి ముక్కు ప్లయర్‌తో పట్టుకుని రెండు సెకన్లలో పని ముగించండి. చెయ్యి తిరగకపోతే మీ ఊళ్ళో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కుర్రాడికివ్వండి. ఈ పని వాళ్ళు మనకంటే బాగా చేస్తారు.

ఇక కడ్డీ. కొన ముక్క పోయిందని దిగులు వద్దు. మిగిలింది మొత్తం లాగితే 90 సెంటీమీటర్లు వస్తే చాలు. కాకపోతే కొనకు ఓ ఇత్తడి గుండు టంకం పెట్టించండి. అది లేకపోతే గొట్టం కిందికి జారిపోతుంది, పైగా కారు తుడిచేవాళ్ళ కంటికి ప్రమాదం. గొట్టాలను కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. గ్రీజు మాత్రం పూయకండి, మన రోడ్ల దుమ్ముతో కలిసి అది సిమెంటు అయిపోతుంది.

తర్వాత మల్టీమీటర్ తీయండి. కడ్డీ కొన నుంచి లోపలి తీగ వరకూ ఒకటి రెండు ఓమ్‌లకు మించకూడదు. కడ్డీ నుంచి అడుగున ఉన్న ఇనప కాలర్‌కు మాత్రం ఏమీ కలవకూడదు. ఈ రెండో పరీక్ష పొడిగా ఉన్నప్పుడు అందరూ పాసవుతారు. మీరు ఓ గ్లాసు నీళ్ళు పోసి మళ్ళీ చూడండి. పాత వాటిలో మధ్యనుండే ఎబొనైట్ బుష్ (కరెంటు పారనివ్వని గట్టి రబ్బరు కట్టు) నెర్రెలు విచ్చి నీళ్ళు పీలుస్తుంది. లక్ష ఓమ్‌ల కంటే కిందికి దిగిందంటే దాన్ని నమ్మొద్దు. వానాకాలంలో రేడియో మూగబోయే కార్ల కథ ఇదే. లేత్ షాపులో పాత బుష్ చూపించి టెఫ్లాన్ కడ్డీతో అలాంటిదే తీయించుకోండి, మళ్ళీ మీ జీవితకాలంలో మార్చక్కర్లేదు.

మడ్‌గార్డ్ చిల్లు పాతదే ఉందన్నారు, అదృష్టవంతులు. నాన్నగారి కారుకు కొత్త చిల్లు పొడవమని చెప్పడానికి నాకు మనసొప్పదు. అయినా ఆ అతుకు విప్పేముందు ఒక వారం ట్రయల్ చూడండి. ఏరియల్ కాలర్‌ను సీ-క్లాంపుతో పెయింట్ లేని బాడీ అంచుకు బిగించి, కొత్త కేబుల్‌తో బండి ఆపి వినండి. తృప్తిగా ఉంటేనే అతుకు విప్పండి. ఇలాంటి ఏరియల్స్‌కు చిల్లు మామూలుగా 22 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. మీ దాని బుష్‌ను కాలిపర్‌తో కొలవనిదే చిల్లులో ఎక్కించకండి. కడ్డీ మొత్తం లోపలికి దిగినప్పుడు కింది గొట్టం ఎంత పొడవు వేలాడుతుందో చూసుకోండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఇద్దరిని మడ్‌గార్డ్ మీద ఒంగోబెట్టి బండి కిందికి నొక్కించి, టైరు దానికి తగలడం లేదని ఖాయం చేసుకున్నాకే బిగించండి. గొట్టం అడుగున నీళ్ళు కారే సందు మూసుకుపోయి ఉంటే తెరవండి.

బిగించేటప్పుడు చేసే తప్పు ఒక్కటే, అందరూ చేసేదీ అదే. పైన పెయింట్ పాడవుతుందని కింద కూడా గీకరు. పెయింట్ మీద కాలర్ బిగిస్తే ఎర్త్, అంటే బండి ఇనుముతో కలయిక, ఎక్కడినుంచి వస్తుంది? మడ్‌గార్డ్ లోపలి వైపు చిల్లు చుట్టూ రూపాయి బిళ్ళంత మేర ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, పళ్ళ వాషర్ వేసి బిగించండి. కాలర్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు అర ఓమ్ లోపు చూపించాలి. చూపిస్తే పైన రెడాక్సైడ్ పూసేయండి, తుప్పు రాకుండా. చూపించకపోతే మడ్‌గార్డ్ బోల్టులే తుప్పు పట్టాయని అర్థం, ఒక జడ వైరు (జడలా అల్లిన రాగి తీగ) బాడీకి విడిగా వేయాలి.

మిగిలింది టిక్ టిక్. ఎర్త్ కుదిరాక సగానికి సగం అదే పోతుంది. ఇంకా ఉంటే ఇంజిన్ నడుస్తుండగా రేడియో వెనక ఏరియల్ ప్లగ్ లాగేయండి. మోత ఆగితే అది గాల్లోంచి కడ్డీ మీదుగా వస్తోంది, ఆగకపోతే కరెంటు వైరు వెంట వస్తోంది. గాల్లోంచి వస్తుంటే ఇంజిన్ స్పార్క్ ప్లగ్ వైర్లు మార్చి రెసిస్టెన్స్ ఉన్నవి వేయండి. బానెట్‌కూ బాడీకీ మధ్య ఒక జడ వైరు కట్టండి, రబ్బర్ల మీద తేలే బానెట్ కూడా మోతను విసురుతుంది. వైరు వెంట వస్తుంటే ఇగ్నిషన్ కాయిల్‌కు (స్పార్క్ పుట్టించేది) ఒక సప్రెసర్ కండెన్సర్, అంటే మోతను మింగే కండెన్సర్ కావాలి. ఇక్కడ నా సిగ్గుపడాల్సిన కథ ఒకటుంది.

1986లో ఓ డాక్టరు గారి అంబాసిడర్‌కు రేడియో పెట్టాను. మోత పోవడానికి కండెన్సర్ కాయిల్‌కు తగిలించాను. కాయిల్ మీద రెండు టెర్మినళ్ళుంటాయి, ఎస్.డబ్ల్యు. (స్విచ్చి) అని ఒకటి, సి.బి. (కాంటాక్ట్ బ్రేకర్) అని ఒకటి. సాయంత్రం తొందరలో, దుమ్ము తుడవకుండా, చీకట్లో సి.బి.కి బిగించేశాను. అది స్పార్క్ కోసం కరెంటును తెంపే పాయింట్ల వైపు పోయేది. రేడియో బ్రహ్మాండంగా పలికింది. డాక్టరు గారు మెచ్చుకుని డబ్బిచ్చి వెళ్ళారు. అరగంటకు ప్రకాశం బ్యారేజీ మధ్యలోంచి రిక్షాలో మనిషి వచ్చాడు, "బండి కదలట్లేదు, మిమ్మల్ని రమ్మన్నారు" అని. స్పార్క్ చచ్చిపోయి ఇంజిన్ దగ్గుతోంది. వెనక బస్సులవాళ్ళు హారన్లు, డాక్టరు గారు సీట్లో పాటలు వింటున్నారు. కండెన్సర్ వైరు లాగేసిన క్షణం బండి లేచింది. ఆయన ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది. మీ కాయిల్ మీద గుడ్డ పెట్టి తుడిచి, స్విచ్చి నుంచి వైరు వచ్చే టెర్మినల్ ఏదో చదివి, దానికే తగిలించండి. కొన్నిటి మీద అక్షరాల బదులు ప్లస్, మైనస్ ఉంటాయి. మీ బండికి బ్యాటరీ నెగెటివ్ బాడీకి ఉంది కాబట్టి ప్లస్‌కు తగిలించాలి.

అన్నీ అయ్యాక ఒక్క స్క్రూ మిగులుతుంది. మీ రేడియోలో ఏరియల్ ప్లగ్ దూరే చోటికి దగ్గర్లో చిన్న సందులో ట్రిమ్మర్, అంటే ఏరియల్‌కు రేడియోను సరిపెట్టే స్క్రూ ఉంటుంది. కడ్డీ పూర్తిగా లాగి, డయల్ మీద 1400 దగ్గర సన్నగా వచ్చే స్టేషన్ ఏదైనా పట్టి, ఆ స్క్రూను మెల్లగా తిప్పండి. ఒక చోట శబ్దం ఉబుకుతుంది. అక్కడ వదిలేయండి. సాయంత్రం ఏడు దాటాక ప్రయత్నిస్తే దూరపు స్టేషన్లు దొరుకుతాయి, పని తేలిక.

స్టిక్కర్ ఏరియల్ మాటంటారా, దాంట్లో చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. స్టేషన్‌తో పాటు మీ టిక్ టిక్‌ను కూడా అంతే ప్రేమగా పెంచుతుంది.

ప్రశ్న: మా తాతగారి పాత ట్రాన్సిస్టర్ పాడైపోయింది. దాని స్టీలు ఏరియల్ మాత్రం బాగుంది. నా మారుతీ కారు ఎఫ్.ఎం. రేడియోకు అది పెట్టుకోవచ్చా? చూడ్డానికి బాగుంటుందని.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పలకడానికి పలుకుతుందమ్మా. ఎఫ్.ఎం.కు అల పొడవు దాదాపు మూడు మీటర్లే కాబట్టి పావు వంతు అంటే 75 సెంటీమీటర్లు లాగితే సరిపోతుంది, ఇంకా లాగినా లాభం లేదు. కానీ దాని మెడ దగ్గర ఉండే మడత కీలు ఇంట్లో టేబుల్ మీద నిలబడ్డానికి చేసింది. హైవే మీద 80లో గాలికి మొదట వాలుతుంది, తర్వాత ఊడి వెనకవాళ్ళ అద్దం మీద పడుతుంది. వాన నీళ్ళు ఆపే ఏర్పాటు కూడా దానికి లేదు. ముచ్చట తీరాలంటే బండి ఆగినప్పుడు మాత్రం వాడుకునేలా, కేబుల్ చివర తగిలించి డాష్‌బోర్డు మీద పెట్టుకోండి. ఆ ట్రాన్సిస్టర్‌ను మాత్రం పారేయకండి. ఏం పాడైందో రాయండి, వచ్చే సంచికలో చూద్దాం.