విండోస్ మళ్లీ వేసేముందు ఫైళ్లు డి డ్రైవ్‌లో పెడితే చాలా?

ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లోకి మార్చాను, ఇక విండోస్ 11 వేసుకోవచ్చా అని అడిగారు. దయచేసి ఆగండి. సి, డి రెండూ చాలాసార్లు ఒకే డిస్కులోని భాగాలు (పార్టిషన్లు). ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పొరపాటున పక్క పార్టిషన్ డిలీట్ చేసినా, డిస్కును భాగాలుగా నమోదు చేసే పాత పద్ధతి ఎంబీఆర్ నుంచి కొత్త పద్ధతి జీపీటీకి మార్చాలని మొత్తం తుడిచేసినా డి కూడా పోతుంది.

బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి కొన్ని ఫొటోలైనా తెరిచి చూడండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మామూలుగా సి లోనే ఉంటాయి. చాలామంది మరిచిపోయేది వీటినే. బయటి డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు. డ్రైవ్‌కు బిట్‌లాకర్ (విండోస్ తాళం, అంటే ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

ఇన్‌స్టాల్‌కు ముందు బయటి డిస్కు తీసేయండి. విండోస్‌కు కనీసం 64 జీబీ కావాలి. నేనైతే సి కి 150 ఇస్తాను.