కంటగింపులో కన్ను లేదు

సందేహం: ప్రహ్లాదుణ్ణి హింసించే చోట పోతన రాసిన ‘పాఱడు లేచి దిక్కులకు’ పద్యం చివర ‘కంటగింపడు’ అని ఉంది. కంటతడి పెట్టడనేనా అర్థం? ‘దూఱడు’ రెండుసార్లు ఎందుకొచ్చింది?

సమాధానం: కంటతడి కాదండీ. ‘కంట’ అని వినపడగానే మనసు కంటి మీదికే పోతుంది, పైగా ‘కంట్లో నలుసు’ లాంటి మాటలు ఉండనే ఉన్నాయి, కానీ ఇది సంస్కృతంలోని కంటకం, అంటే ముల్లు. లోకకంటకుడిలో ఉన్నదీ అదే. దానికి ‘ఇంచు’ చేరి కంటగించు అయింది, ద్వేషించడం అని. అసలు కన్నీళ్ళ సంగతి పోతన అక్కడే ఇంకో పద్యంలో తేల్చేశాడు: రాక్షసులు పొడుస్తుంటే పిల్లవాడు ‘యో మహాపన్నశరణ్య’ అంటూ హరిని పొగుడుతాడే గాని ‘కన్నుల నీరు దేడు’. (పేపర్లలో కనిపించే ఆపన్నహస్తంలోని ఆపన్నే ఇదీ, ఆపదలో పడ్డవాడు.)

ఇక ‘బంధురాజిలో దూఱడు’ అంటే చుట్టాల మధ్యకు చొరబడడు. ‘ఘోరకృత్యమని దూఱడు’ అంటే నిందించడు. ‘కంతలో దూరాడు’, ‘ఊరికే నన్ను దూరకు’ అని ఇప్పటికీ రెండూ వాడుతున్నాం. మీరు అడగలేదు గానీ ‘జీరడు’ కూడా చింపడం కాదు, చీరు అంటే పిలుచు. తండ్రినీ స్నేహితులనూ కేకేయడు. ‘కావరే’ అంటే కాపాడరా అని, అదీ అనడు.

నాకు ఈ పద్యంలో నచ్చేది ఆ వరస. తిరిగి కొట్టడం మాట అటుంచండి, దెబ్బ ఆపుకోడానికైనా చేతులు అడ్డం పెట్టడు (‘బాహువులొడ్డడు’ అంటే అదే), అలా ఒంటితో మొదలై, నోటి మీదుగా వచ్చి, చివరికి మనసులో ముల్లు కూడా లేదనడంతో ఆగుతుంది. మనమైతే చెయ్యెత్తకుండా ఊరుకుని ‘నా ఉసురు తగుల్తుంది, దేవుడే నీ పని చెప్తాడు’ అంటాం. అది నమ్మకమో, ముల్లు దేవుడి చేతికిచ్చి పొడిపించడమో, నాకైతే రెండోదే అనిపిస్తుంది. ప్రహ్లాదుడు మాత్రం తర్వాత నరసింహుడు వరం కోరుకోమన్నప్పుడు తండ్రి పాపం పోవాలనే అడిగాడు.

కాబట్టి ‘తమ్ముడి ఎదుగుదల అన్నకు కంటగింపైంది’ అని నిక్షేపంగా రాయొచ్చు. ఫోన్ చూసి చూసి కళ్ళు మండితే మాత్రం అది కంటగింపు కాదు, కళ్ళమంటే.