మగపిల్లల్ని బయటికి పంపకు

అమ్మలూ,

గుణుపురం బడిలో ఎనిమిదో తరగతికి పునరుత్పత్తి పాఠం నువ్వే చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి పిల్ల ఆ పాఠం దాటెయ్యకుండా చెప్తోందంటే ఎంత గర్వమో. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టలేదనుకో.

హెడ్మాస్టరుకి ముందే చెప్పు. బోర్డు మీద బొమ్మ పెద్దగా గియ్యి. సందేహాలు పేరు లేని చీటీల మీద రాయించు.

మగపిల్లల్ని మాత్రం బయటికి పంపకు. నేను నర్సుగా ఉన్నప్పుడు ఒక ఊళ్ళో మాస్టారు ఈ పాఠం రాగానే మగపిల్లల్ని ఆటకి పంపి, ఆడపిల్లల్ని ఇంటి దగ్గర చదువుకోమన్నారు. కొన్నాళ్ళకి ఆ తరగతి పిల్లకి అదే తరగతి కుర్రాడితో పెళ్ళయింది, నీళ్ళోసుకుంది. ఐరన్ మాత్రలకి విరేచనం నల్లగా అయిందని భయపడింది. బిడ్డ పెద్దదై పురుడు కష్టమవుతుందని అత్త కూడా అనేసరికి మాత్రలన్నీ బియ్యం డబ్బా వెనక దాచేసింది. రక్తం తగ్గి కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయింది, నాలుగడుగులేస్తే ఆయాసం. కడుపుతో ఉన్నవాళ్ళంతా ఇంతేనేమో అనుకున్నాడు ఆ కుర్రాడు. పురిట్లో రక్తం బాగా పోయింది. రక్తం ఎక్కించి తల్లిని దక్కించుకున్నాం. బిడ్డ దక్కలేదు. ఆ మాస్టారు చెడ్డవారు కాదమ్మా, సిగ్గుపడ్డారు. నువ్వు సిగ్గుపడ్డావో, చెవి మెలేస్తాను.

బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి వీర్యకణాన్ని బట్టేనని కుర్రాళ్ళు వినేలా చెప్పు. రేపు పెళ్ళాన్ని ఆడిపోసుకోకుండా ఉంటారు. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంది. అందుకే ఆ గొట్టం సరిగ్గా మూసుకోవడానికి కావాల్సిన ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ముందునుంచే ఒంట్లో ఉండాలి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో ఐరన్‌తోపాటు అదీ ఉంటుంది. అన్నం తిన్నాక నీ ఎదురుగానే మింగించు. గర్భిణికైతే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున ఎర్ర మాత్ర, కనీసం 180 రోజులు. విరేచనం నల్లబడటం మామూలేనని ఆ రోజే చెప్పెయ్యి.

ఒడిశాలో మీ రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ జబ్బుంది కదా, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్యపు జబ్బు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకి ఆ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. మనవాళ్ళు మేనరికాలు మానరు, పెళ్ళికి ముందు రక్తపరీక్ష సంగతైనా పిల్లల చెవిన వెయ్యి.

ఏ పిల్లకైనా పద్దెనిమిది నిండకుండా సంబంధం చూస్తున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి.

నువ్వూ హిమోగ్లోబిన్ చూపించుకుని ఎంతుందో రాయి. పొద్దున్నే ఖాళీ కడుపుతో బస్సెక్కుతున్నావట, నాకన్నీ తెలుస్తాయి.

మీ పెద్దమ్మ