అటక మీద రకూన్ కాపురం

ప్రశ్న: అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఎడిసన్‌లో 1970ల నాటి ఇల్లు కొన్నాం. రాత్రిళ్లు పైన ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు. హాలు సీలింగ్ మీద పసుపు మరక, పక్కనే ఘాటు వాసన. ఎలుకలనుకుని మందు పెట్టాం, లాభం లేదు. పైకెక్కి బ్లీచ్ చల్లి కడిగేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఎలుకల మందు ముందు తీసేయండి. అది తిని ఏదైనా జంతువు గోడ సందులో చస్తే ఇప్పుడున్న వాసన ఏపాటిదనిపిస్తుంది.

చప్పుడును బట్టే చాలావరకు తెలుస్తుంది. ఎలుకలైతే గీకినట్టు వినబడుతుంది. ఉడుతలు పగలు పరుగులు పెడతాయి. చీకటి పడ్డాక ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి బరువైన అడుగులు వినిపిస్తే అది రకూన్, కళ్ల చుట్టూ నల్లటి ముసుగులాంటి మచ్చ, తోకకు చారలు ఉండే అమెరికా అడవి జంతువు. ఊళ్లో పెంకుల మీద మానుపిల్లి తిరుగుతుంటే విన్నవాళ్లకు ఈ నడక కొంచెం తెలిసినట్టే ఉంటుంది. ఇది అంతకంటే బరువు, పది కిలోల దాకా తూగుతుంది. ముందు కాళ్లు దాదాపు చేతుల్లా పనిచేస్తాయి, వదులైన పలకను వేళ్లతో పట్టి ఊడబీకగలదు. పెంట కూడా ఎలుకలదానిలా గింజలు గింజలుగా ఉండదు. రెండు మూడు అంగుళాల పొడవు, వేలంత లావు, లోపల పళ్ల గింజలు. పైగా ఇది ఎక్కడపడితే అక్కడ కాక, ఒకేచోట కుప్పగా వేస్తుంది. సీలింగ్ మరక సాధారణంగా ఆ చోటుకు కిందే ఉంటుంది.

పని వరుస ఇది: జంతువు బయటికి, కన్నం మూత, శుభ్రం, చివర ఇన్సులేషన్ (వేడి, చలి ఆపడానికి సీలింగ్ పైన పరిచే పొర). ఇన్సులేషన్ ముందు మార్పించుకుని, రెండు నెలల తర్వాత అదే పనికి మళ్లీ డబ్బు కట్టేవాళ్లు చాలామంది. ఏ కాంట్రాక్టరైనా కొటేషన్‌లో కన్నాల సంగతి ఎత్తకుండా నేరుగా ఇన్సులేషన్ గురించి మొదలుపెడితే ఇంకొకరిని పిలవండి.

బయటికి పంపడంలో కాలం ముఖ్యం. మార్చి నుంచి జూన్ దాకా పిల్లలు పెట్టే రోజులు. ఈ నెలల్లో అటక మీద, అంటే ఆటిక్‌లో ఉన్నది పిల్లల తల్లే అయివుంటుందని అనుకోవాలి. కుయ్‌కుయ్‌మని సన్నటి అరుపులు వినిపిస్తే అనుమానమే అక్కర్లేదు. తల్లి మేతకు పోయినప్పుడు కన్నం మూసేస్తే, పిల్లల కోసం అది పైకప్పును ఇంకోచోట చీల్చుకుని వస్తుంది. రాలేకపోతే పిల్లలు లోపల చస్తాయి. ఎనిమిది పది వారాలకు అవే తల్లి వెంట బయటికి తిరగడం మొదలుపెడతాయి. అప్పటిదాకా ఆగలేకపోతే పగలంతా పైన లైటు వేసి, మాటలు వినబడే రేడియో పెట్టండి. రెండు మూడు రాత్రుల్లో తల్లి ఒక్కొక్క పిల్లనూ నోట కరుచుకుని వేరే చోటికి మార్చుకోవచ్చు. పిల్లలు లేవని తేలితేనే, బయటికి మాత్రమే తెరుచుకునే ఒంటి తలుపును కన్నానికి బిగించాలి.

కలరా ఉండలు విసరొద్దు. రకూన్ లెక్కచేయదు, ఆ ఆవిరి మాత్రం మీ పడకగదిలోకి దిగుతుంది. డబ్బా మీద రాసిన వాడకానికి భిన్నంగా వాడటం అమెరికాలో చట్టవిరుద్ధం కూడా. బోనులో పట్టి దూరంగా అడవిలో వదిలేద్దామనుకునేవాళ్లు రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధన ముందు చూసుకోవాలి. మసాచుసెట్స్‌లో, కాలిఫోర్నియాలో అలా తరలించడం కుదరదు. కెనడాలో ఒంటారియోవాళ్లైతే పట్టినచోటి నుంచి ఒక కిలోమీటరు లోపే వదలాలి.

కన్నం మూసేముందు ఒక పరీక్ష. నలిపిన వార్తాపత్రికను కన్నంలో వదులుగా కుక్కండి. మూడు రాత్రులు కదలకుండా ఉంటే లోపల ఎవరూ లేనట్టే. గడ్డకట్టే చలి రోజుల్లో ఈ పరీక్షను నమ్మొద్దు, రకూన్ రోజుల తరబడి లోపలే పడుకుంటుంది. మూయడానికి అర అంగుళం గళ్ల గాల్వనైజ్డ్ హార్డ్‌వేర్ క్లాత్ కావాలి. పేరులో క్లాత్ ఉందిగానీ అది వెల్డింగ్ చేసిన ఇనుప జాలి. తీగ మందం 16 గేజ్‌ది దొరికితే మంచిది. కోళ్ల గూటి జాలి, స్ప్రే ఫోమ్ దీనికి ఒక పూటకు కూడా ఆగవు. జాలి కన్నం చుట్టూ నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండేలా కోసి, వాషర్లతో స్క్రూలు బిగించండి. స్టేపుల్ పిన్నులను అది పీకేస్తుంది. ఉన్న కన్నం ఒకటే అనుకోవద్దు. సోఫిట్ (చూరు కింది పలక) పైకప్పును కలిసే మూల, పైకప్పు మీది ప్లాస్టిక్ రూఫ్ వెంట్లు (గాలి కన్నాలు), ఇంటి పక్క గోడ పైన త్రికోణంలో ఉండే గేబుల్ వెంట్లు, మూత లేని చిమ్నీ అన్నీ చూడాలి. ఇంటిమీదికి వంగిన కొమ్మలూ కొట్టించండి.

ఇక అసలు ప్రమాదం. రకూన్ పెంటలో బేలిసాస్కారిస్ అనే ఏలికపాము గుడ్లు ఉండొచ్చు. నోట్లోకి పోతే పిల్లపురుగులు మెదడుకూ కళ్లకూ పాకగలవు. జబ్బు అరుదే, వస్తే మాత్రం దారుణం. వేళ్లు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకే ముప్పు ఎక్కువ. తాజా పెంటకంటే పాతదే ప్రమాదం, గుడ్లు జబ్బు అంటించే దశకు రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి బతుకుతాయి. బ్లీచ్ వాటిని చంపదు. 62 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి చంపుతుంది. అందుకే పెరట్లో అయితే మరిగే నీళ్లు పోయమంటారు. ఆటిక్‌లో పోస్తే సీలింగ్ కింద పడుతుంది.

పైకెక్కేముందు ఏసీ, హీటర్ ఆపేసి, ఆటిక్ ద్వారం చుట్టూ ప్లాస్టిక్ షీటు అతికించండి. ఒంటికి వాడిపారేసే కవరాల్, చేతులకు రబ్బరు గ్లవ్స్, కాళ్లకు రబ్బరు బూట్లు, ముఖానికి కనీసం ఎన్95, వీలైతే ఇంకా బాగా వడగట్టే పీ100 మాస్కు. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతకదు, అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్లు ఈ పని మండలం అయ్యేదాకా వాయిదా వేయాలి లేదా వేరేవాళ్లకు అప్పగించాలి. అడుగు జాయిస్టుల (సీలింగ్‌ను మోసే చెక్క దూలాల) మీదే పడాలి, వాటి మధ్య ఉన్నది ఉత్త డ్రైవాల్ (జిప్సం అట్ట), కాలేస్తే హాల్లో తేలతారు. రెండు మూడు జాయిస్టులకు అడ్డంగా ప్లైవుడ్ ముక్క వేసుకుని దానిమీద మోకాళ్లూనండి. ఎండాకాలమైతే పొద్దున్నే ఎక్కి దిగిపోవాలి.

పెంట మీద స్ప్రే సీసాతో నీళ్లు సన్నగా చల్లండి, దుమ్ము లేవకూడదు. చీపురు పట్టొద్దు, మామూలు వాక్యూమ్ అసలే వద్దు, అది గుడ్లను ఇల్లంతా ఊదుతుంది. పారతో తీసి, 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) మందం ప్లాస్టిక్ సంచిలో వేసి, దాన్ని ఇంకో సంచిలో కట్టండి. చుట్టూ రెండు మూడు అడుగుల ఇన్సులేషన్ కూడా అందులోకే. ఒకే మూల పాడైనప్పుడు ఆటిక్ మొత్తం ఖాళీ చేయించక్కర్లేదు. మూలమూలా తొక్కి, మూత్రం ఇంకితే మాత్రం మొత్తం తీయించాల్సిందే, ఆ పని సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరు వాక్యూమ్ ఉన్నవాళ్లకే వదిలేయండి. ఇన్సులేషన్ తీశాక బయటపడ్డ చెక్కను వేడి సబ్బునీళ్ల స్పాంజితో తుడిచి, మురికినీళ్లు టాయిలెట్‌లో పోయండి. స్టీమ్ క్లీనర్ ఉంటే గుడ్లకు అదే సరైన మందు, చెక్క నానకుండా కొంచెం కొంచెంగా పట్టండి. ఆరాక ఎంజైమ్ క్లీనర్, ఆపైన షెల్లాక్ ప్రైమర్ (లక్కతో చేసిన అడుగు రంగు) ఒక పూత వేస్తే వాసన అణుగుతుంది. సీలింగ్ మరకకూ అదే ప్రైమర్, డ్రైవాల్ మెత్తబడితే మాత్రం ఆ ముక్క కోసి మార్చాలి.

మీ ఇంటి వయసుకు ఇంకో జాగ్రత్త ఉంది. 1990కి ముందు కట్టినవాటిలో అభ్రకంలా మెరిసే, గోధుమ-బూడిద రంగు గులకరాళ్ల లాంటి ఇన్సులేషన్ కనబడితే అది వర్మిక్యులైట్, అందులో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ నార ఉండొచ్చు. కదపకుండా దిగి, లైసెన్స్ ఉన్నవాళ్లను పిలవండి.

కొత్త ఇన్సులేషన్ పోసేలోపు పైపులూ వైర్లూ సీలింగ్‌లోంచి దూరే రంధ్రాలన్నీ ఫోమ్‌తో మూయించండి, మళ్లీ ఇంత తేలిగ్గా దొరకవు. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఊడిందేమో చూడండి, ఊడితే ఆవిరంతా ఆటిక్‌లో చేరి బూజు పడుతుంది. చిరిగిన డక్టు (ఏసీ గాలి గొట్టం) మార్చాలి, కొరికిన కరెంటు తీగకు టేపు చుట్టి వదిలేయకూడదు, ఎలక్ట్రీషియన్ జంక్షన్ బాక్స్ పెట్టి కలపాలి. ఆర్-49 (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) రావాలంటే సెల్యులోజ్ (కాగితపు పొట్టు ఇన్సులేషన్) దాదాపు 14 అంగుళాలు పోయాలి. సోఫిట్ వెంట్లు మూసుకుపోకుండా అంచుల్లో బ్యాఫిల్స్ (గాలి దారిని తెరిచి ఉంచే పలకలు) పెట్టారో లేదో మీరే పైకెక్కి చూడండి.

ఇన్సూరెన్స్: చాలా పాలసీలు పక్షులు, ఎలుకజాతి, పురుగుల నష్టాన్ని మినహాయిస్తాయి. రకూన్ ఎలుకజాతి కాదు కాబట్టి చీల్చిన సోఫిట్‌కు డబ్బు రావచ్చు. ఇటీవలి పాలసీల్లో ఏ జంతువైనా గూడు కట్టుకోవడం, మలమూత్రాలు అనే మినహాయింపు కూడా ఉంటుంది, అప్పుడు శుభ్రం చేసే ఖర్చు మీదే. ముందు ఫోటోలు తీసి, పాలసీ చదివి, తర్వాతే ఫోన్ చేయండి. డిడక్టిబుల్ (ముందు మీరే భరించాల్సిన మొత్తం) 2,500 డాలర్లుండి ఖర్చు 3,000 అయితే ఆ 500 కోసం క్లెయిమ్ వేయకండి, అది ఏడేళ్ల దాకా రికార్డులో ఉంటుంది.

కరిచినా గీరినా వెంటనే 15 నిమిషాలు సబ్బు, ధారగా పారే నీళ్లతో కడిగి ఎమర్జెన్సీకి వెళ్లండి. తూర్పుతీరంలో రకూన్లలో రేబిస్ ఉంది, సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ అయిన ఇమ్యునోగ్లోబులిన్‌తో పాటు 0, 3, 7, 14 రోజుల్లో టీకాలు వేస్తారు. బిడ్డ పెంట ముట్టుకుని చేయి నోట్లో పెట్టుకుందని అనుమానమైనా లక్షణాల కోసం ఆగొద్దు. డాక్టరుకు రకూన్ అనే మాట స్పష్టంగా చెప్పండి, మందు ముందుగా మొదలుపెట్టడంలోనే ఫలితం ఉంది.

అద్దెకుండేవాళ్లు పైకి ఎక్కొద్దు. ఇంటి యజమానికి ఫోటోతో ఈమెయిల్ పంపండి, ఫోన్లో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు. టౌన్‌హోమ్ అయితే పైకప్పు బాధ్యత చాలాచోట్ల ఇళ్ల యజమానుల సంఘమైన హెచ్‌ఓఏది, పక్కింటి ఆటిక్‌తో మీది కలిసి ఉందేమో కూడా వాళ్లతోనే చూపించుకోండి.