పొద్దున సముద్రం, పదింటికి బట్టల బజారు

కాజీపేట నుంచి ఒక సోదరి రాశారు. పెళ్ళై నాలుగేళ్లు. భర్తకు ఫోటోల పిచ్చి, కిస్తుల మీద కెమెరా కొన్నారు. నిరుడు క్రిస్మస్ ముందు ఇద్దరూ బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కు వెళ్తే ఆయన మూడు గంటలు ఫోటోల్లో మునిగిపోయారు, ఈమె బ్యాగు పట్టుకుని ఇసుకలో నిలబడ్డారు. తర్వాత బట్టల దుకాణంలో ఆయన ఫోను చూస్తూ "ఇంకెంతసేపు?" అన్నారట. ఇల్లు చేరేదాకా మాటల్లేవు. ఈసారీ "సముద్రం చూద్దాం, షాపింగూ చేద్దాం" అంటున్నారు. అత్తమ్మ వాళ్లకూ పుట్టింటి వాళ్లకూ బట్టలు కొనాల్సింది తనే. సరే అనాలా, వద్దా అని అడుగుతున్నారు.

సరే అనండమ్మా. అయితే టికెట్లు తీసే ముందే కొన్ని మాటలు తేల్చుకోండి. ఆ మూడు గంటల్లో బ్యాగు మోయడం తప్ప మీకు పనేమీ లేకపోయింది, మీ బాధంతా అక్కడుంది. దుకాణంలో ఆయనకూ అదే జరిగింది.

ఈసారి చీరాల పెట్టుకోండి. వరంగల్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, రాత్రి బండెక్కితే తెల్లవారేలోపు దిగొచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అప్పుడే తీసుకోండి. స్టేషన్ నుంచి వాడరేవు బీచ్ ఆరేడు కిలోమీటర్లు. ఆటోను రానూపోనూ మాట్లాడుకోండి. మన తూర్పు తీరంలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, సాయంత్రం భూమివైపు దిగిపోతాడు. అందుకే ఆయనకు కావాల్సిన వెలుగు పొద్దున్నే. డిసెంబరు మధ్యలో సూర్యోదయం 6:30 ప్రాంతంలో. 5:45కి ఇసుక మీదుంటే ఎనిమిదింటికల్లా ఆయన పని అయిపోతుంది, ఆ తర్వాత ఎండ గట్టిపడి ఫోటోలు తేలిపోతాయి. దుకాణాలు తెరుచుకునేది పదింటి ప్రాంతంలో. అంటే మీ ఇద్దరి పనులూ ఒకదానికొకటి అడ్డం రావు. నడుమ స్నానానికి, టిఫినుకు ఒక గది పూటకు తీసుకోండి. ఇసుక కాళ్లతో, ఖాళీ కడుపుతో బేరానికి కూర్చుంటే చిరాకు తప్పదు.

మూడు గంటలు ఎక్కడికి పోతాయో కూడా తెలుసుకోండి. అల వెనక్కి పోయినప్పుడల్లా కెమెరా నిలబెట్టే ట్రైపాడ్ కాళ్ల కింది ఇసుక జారుతుంది, ఫోటో కదులుతుంది, అదే ఫోటో మళ్లీ మళ్లీ తీస్తారు. కాళ్లను ఇసుకలోకి గట్టిగా దిగనొక్కమనండి, లేదా పొడి ఇసుకలో పెట్టమనండి. లెన్సు మీద తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దొద్దు, ఉప్పు రేణువులకు గీతలు పడతాయి. తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, ఆ తర్వాతే పొడిగుడ్డ. కంటికి కెమెరా ఆనించుకున్న మనిషికి అల కనిపించదు, మోకాలి లోతు దాటొద్దని ముందే మాట తీసుకోండి.

సూర్యుడు లేచాక మొదటి ఇరవై నిమిషాలు మీవి. సముద్రానికి ఎదురుగా నిలబడితే ఆ మెత్తని వెలుగు నేరుగా మీ ముఖాన పడుతుంది, వెనక ఒడ్డునున్న పడవలు ఫోటోలోకి వస్తాయి. బ్యాగు మాత్రం ఆయన భుజానే ఉండాలి.

దుకాణంలో ఆయనకు రంగుల పని అప్పగించండి. లోపలి లైట్ల కింద మెరూన్ ఒకలా, గుమ్మం దగ్గర పగటి వెలుగులో ఇంకోలా ఉంటుంది. ఫోటోలు తీసేవాళ్లకు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. అత్తమ్మకు చీరాల నేత కుప్పడం చీర తీస్తుంటే, గుమ్మం దాకా పట్టుకెళ్లి చూసే బాధ్యత ఆయనది. ఎవరికేం కావాలో, కొలతలేమిటో, ఎంతలోనో ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి. మామయ్య చొక్కా కాలరు సైజుతో సహా. మధ్యాహ్నం రెండుకు లేవాలన్నది మీరివ్వాల్సిన మాట.

కెమెరా కిస్తు, పండుగ బట్టల డబ్బు విడివిడిగా పెట్టండి. "నీ కెమెరాకైతే ఉన్నాయి, మా వాళ్లకైతే లేవా" అన్న మాట దుకాణంలో నోరు జారితే ఆ రోజంతా పాడే.

డిసెంబరు మూడో వారం దాకా ఆగొద్దు. టైలర్లు పండుగ ముందు కొత్త జాకెట్లు పట్టరు, పైగా కాటన్ జాకెట్ గుడ్డ కుట్టించే ముందు ఒక రాత్రి నానబెట్టాలి. వాతావరణ శాఖ సూచన కూడా చూడండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకుని బట్టలు హనుమకొండలోనే కొనండి.

ఇవన్నీ ఆయన ముందు పెట్టాక కూడా "నీకెందుకు, నువ్వు రా చాలు" అంటే, నిరుడు ఇసుకలో నిలబడి మీకేమనిపించిందో ఆయనకు నేరుగా చెప్పండి. బహుశా ఆ మాట ఇంకా మీరు చెప్పలేదు.