కొరియన్ నేర్చుకోవాలంటే హైదరాబాద్ పోవాల్సిందేనా?

భాషలు, చదువులు, కొలువుల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు. చెన్నై దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో కొరియన్ దుబాసీగా పనిచేసి, ఇప్పుడు హన్మకొండలో పాఠాలు చెబుతున్న మన వరంగల్ ఆడపడుచు ఈ శీర్షిక నిర్వహిస్తున్నారు.

ప్రశ్న: నమస్తే అక్కా. మాది పరకాల దగ్గర ఊరు. నయీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. కొరియన్ సీరియళ్లు చూసి చూసి కొన్ని మాటలు పట్టుబడ్డాయి. సరిగ్గా నేర్చుకోవాలని ఉంది. అమీర్‌పేటలో హాస్టల్ తీసుకుని కోచింగ్‌లో చేరతానంటే నాన్న "ఆ భాష నేర్చి ఏం జేస్తవ్, బ్యాంకు పరీక్షలు రాయరాదా" అంటున్నారు. కోచింగ్ వాళ్లేమో మూడు నెలల్లో గడగడా మాట్లాడిస్తామంటున్నారు. చేరమంటారా? దీనితో ఉద్యోగం వస్తుందా?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: నాన్న అడిగిన దాంట్లో తప్పేం లేదు బిడ్డా. పైసలు పెట్టేది ఆయనే కదా, అడగాలి. కొరియన్ ఒక్కటే చేతపట్టుకుని బయల్దేరితే దొరికే కొలువులు తక్కువే. దుబాసీ పనికి, అనువాదాలకు టోపిక్‌లో నాలుగో లెవెలో ఐదో లెవెలో ఉంటే తప్ప కుర్చీ చూపించరు. టోపిక్ అంటే కొరియా ప్రభుత్వం తరఫున జరిగే భాషా పరీక్ష, 1997లో మొదలైంది. ఒకటి, రెండు లెవెళ్లకు కలిపి ఒక పేపరు, మూడు నుంచి ఆరు దాకా ఇంకో పేపరు. నాలుగో లెవెల్ దాకా పోవాలంటే రోజూ కూర్చునేవాళ్లకు కూడా రెండేళ్లు అనుకో.

కానీ నీ చేతిలో బీకాం ఉంది. శ్రీపెరంబుదూర్ చుట్టూ హ్యుందాయ్‌కి, పెనుకొండ చుట్టూ కియాకి విడిభాగాలు చేసే కొరియన్ కంపెనీలు ఉన్నాయి. అంత దూరం ఎందుకు, మన గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోకే యంగ్‌వన్ అనే కొరియన్ కంపెనీ వచ్చింది. ఇలాంటి కంపెనీల్లో లెక్కలు చూసే విభాగానికి కొరియా నుంచి వచ్చిన మేనేజర్ ఒకాయన ఉంటాడు, ఆయన కింద మనవాళ్లు ఉంటారు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. జీఎస్టీ రిటర్న్ ఎక్కడ ఆగిందో, సప్లయర్ బిల్లు ఎందుకు తిరిగొచ్చిందో ఆయనకు ఆయన భాషలో చెప్పగలిగితే నీ దారి వేరు. దానికి రెండో లెవెల్, మూడో లెవెల్ కొరియన్ చాలు, ట్యాలీ మాత్రం బాగా రావాలి. కాబట్టి బీకాం నిర్లక్ష్యం చేయకు. బ్యాంకు పరీక్షలూ రాయి. దానికీ దీనికీ తగువేం లేదు.

ఇక మూడు నెలల ముచ్చట. అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ ఒకటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు కొరియన్ పట్టుబడాలంటే 2,200 గంటల క్లాసు కావాలని ఆ సంస్థ లెక్క. స్పానిష్‌కు ఇందులో సుమారు మూడో వంతే పడుతుంది. మరి మూడు నెలల్లో గడగడా ఎట్లా వస్తుందో ఆ కోచింగ్ వాళ్లనే అడుగు.

ఆ లెక్క చూసి భయపడకు. అది ఇంగ్లీషు వాళ్ల లెక్క. మన దగ్గర తెలుగు ఉంది, దాన్ని వాడుకోకుండా ఇంగ్లీషు పుస్తకాల మీదుగా పోయేవాళ్లే ఎక్కువ కష్టపడతారు. నా దగ్గరికి వచ్చే పిల్లలందరికీ మొదటి రోజే చెప్పే మాట ఇది. కొరియన్ వాక్యానికి ఇంగ్లీషులో అర్థం రాసుకోకండి, కింద తెలుగు రాయండి. "నానున్ పబుల్ మొగొస్సొయో" – నేను, అన్నం, తిన్నాను. మాట కింద మాట పడిపోతుంది. "ఒజె ఒన్ సారం" – నిన్న, వచ్చిన, మనిషి. ఇంగ్లీషు పుస్తకం ఈ "వచ్చిన"ను వివరించడానికి రెండు పేజీలు తీసుకుంటుంది, నీకు అరనిమిషం చాలు. ప్రత్యయాలు పేరు వెనకాలే వస్తాయి, క్రియ చివరికే వస్తుంది. మనం "తిని చూడు" అన్నట్టే వాళ్లూ తినడానికి చూడటాన్ని జోడించి "మొగొ బ్వాయో" అంటారు. గౌరవం కూడా క్రియలోనే ఉంటుంది.

ఇబ్బంది పెట్టేది నోరు. అన్నాన్ని వాళ్లు "పప్" అంటారు, చివర పెదాలు మూసి అక్కడికక్కడే ఆపేయాలి. బస్‌ను బస్సు చేసిన నోరు కదా మనది, ఉకారం తగిలించి "పప్పు" అంటాం. అన్నం అడిగితే పప్పు అడిగినట్టు ఉంటుంది! ఇంకొకటి, దల్, థల్, తల్ అని మూడు మాటలున్నాయి. మొదటిది చందమామ, రెండోది మొహానికి పెట్టుకునే మాస్కు, మూడోది కూతురు. నోటి ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుని అను. "థల్" అన్నప్పుడు కాగితం ఎగరాలి. "తల్" అన్నప్పుడు కదలకూడదు, అది మన "తల"లోని త లాంటిదే, ఇంకాస్త బిగించి పలకాలి. చిక్కంతా "దల్"తోనే. ద అని రాసుకున్నా "దండ" అన్నప్పటిలా గొంతు మోగకూడదు, కాగితం కొంచెమే కదలాలి. అచ్చుల్లో రెండు మనకు లేవు. ఒకటి అ, ఒ మధ్యన ఉంటుంది. రెండోది "ఉ" అంటూనే పెదాలు పక్కలకు సాగదీస్తే వస్తుంది. అద్దం ముందు నిలబడి అనాలి, హాస్టల్లో నవ్వితే నవ్వనీ.

లిపి గురించి ఎక్కువ చెప్పను. సెజోంగ్ రాజు 1443లో తయారుచేయించి 1446లో ప్రకటించిన అక్షరాలు, ప్రాథమికమైనవి 24. హల్లు పక్కనో కిందనో అచ్చు కలిపి ఒక గడి చేస్తారు. గుణింతాలు, ఒత్తులు దిద్దినవాళ్లకు వారం చాలు. ఆ వారం దాటాక కూడా ఇంగ్లీషు అక్షరాల్లో కొరియన్ రాసుకుంటున్నావంటే అది బద్ధకమే.

అంకెలు మాత్రం విసిగిస్తాయి. వాళ్లకు రెండు వరసలున్నాయి, సొంతవి కొన్ని, చైనా నుంచి వచ్చినవి కొన్ని. గడియారంలో గంటకు ఒక వరస, నిమిషాలకు ఇంకో వరస. మూడున్నర అంటే "సె షి సమ్‌షిప్ పున్", ఇందులో మూడుకు, ముప్పైకి సంబంధమే కనిపించదు. మనం ధర తెలుగులో, ఫోన్ నంబర్ ఇంగ్లీషులో చెప్పడం లేదా, అట్లాగే అలవాటవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, హైదరాబాద్ పోవాలా? మొదటి ఆరు నెలలు అవసరం లేదు. లిపి, వెయ్యి మాటలు, మొదటి లెవెల్ వ్యాకరణం నయీంనగర్ హాస్టల్ మంచం మీద కూర్చునే వస్తాయి. కొరియా ప్రభుత్వం నడిపే కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో పాఠాలు ఉచితంగానే పెట్టింది. రోజుకు ముప్పావు గంట, తెల్లారి హాస్టల్ లేవకముందు. అర్థాలకు నావెర్ నిఘంటువు పెట్టుకో. ఏ వాక్యాన్నైనా అనువాదం యాప్‌లో వేసే ముందు నువ్వే తెలుగులో రాసి చూసుకో.

పట్నం అవసరమయ్యేది ఆ తర్వాత, మాట్లాడటానికి. ఎదురుగా మనిషి కూర్చుని "మళ్లీ అను" అంటేనే "పప్పు" పోయి "పప్" వస్తుంది. సెలవుల్లో రెండు నెలలు వెళ్లు, డిగ్రీ అయ్యాక ఏడాది ఉండు, నీ ఇష్టం. చేరే ముందు తార్నాక దగ్గర ఇఫ్లూ నోటిఫికేషన్ చూడు. విదేశీ భాషల చదువుకు అది పేరున్న కేంద్రీయ విశ్వవిద్యాలయం, పార్ట్‌టైమ్ కోర్సుల్లో కొరియన్ కూడా ఉంది. వరంగల్‌లో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్ నుంచి రెండో స్టాపే తార్నాక. కాకపోతే వరంగల్ నుంచి రోజూ పోయి వస్తాననుకోకు. సుమారు 140 కిలోమీటర్లు, జనరల్ బోగీలో సాయంత్రం నిలబడి వచ్చేసరికి ఏ భాషా గుర్తుండదు. డిగ్రీ అయ్యాక దీన్నే పూర్తిగా చదవాలనిపిస్తే ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది. చెన్నైలో కొరియన్ నేర్పే ఇన్‌కో సెంటర్ ఉంది.

ప్రైవేటు కోచింగే అయితే చేరే ముందు మూడు అడుగు. చెప్పే టీచర్ టోపిక్ ఏ లెవెల్? సర్టిఫికెట్ చూపించమను, రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి తేదీ కూడా చూడు. బ్యాచ్‌లో ఎంతమంది? పదిహేను మంది దాటితే నీ నోరు ఎవరు వింటారు? ఒక క్లాసు ఊరికే కూర్చోనిస్తారా? ఫీజంతా ఒకేసారి కట్టమంటే లేచి వచ్చేయ్.

చివరగా సీరియళ్ల గురించి ఒక హెచ్చరిక. అందులో దోస్తులు, ప్రేమికులు మాట్లాడుకునేది "పన్మల్", అంటే మన నువ్వు, రా, పో లాంటిది. చెవికి ఇంపుగా ఉంటుంది, ఇంటర్వ్యూలో అంటే కొంప మునుగుతుంది. నేను పనిచేసిన చోట ఇంజనీరింగ్ చదివిన ఒక తమ్ముడు, మంచి తెలివైనవాడు, మేనేజర్‌తో సీరియల్ హీరోలా మాట్లాడాడు. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ తర్వాత మీటింగులకు వేరే మనిషిని పిలిచేవాడు. ఆఫీసులో పేరు పెట్టి పిలవరు, హోదాకు "నిమ్" చేర్చి గ్వాజాంగ్‌నిమ్, పుజాంగ్‌నిమ్ అంటారు, మనం ప్రిన్సిపాల్ సారు అన్నట్టు. "యో"తో, "మ్నిదా"తో ముగిసే మాటలే ముందు నోటికి ఎక్కించుకో, పన్మల్ దోస్తులు దొరికాక దానంతటదే వస్తుంది.

ప్రశ్న: మేడమ్, మాది కోరుట్ల దగ్గర. తొమ్మిదేళ్లు దుబాయ్‌లో చేసి వచ్చిన. ఒక ఏజెంటు కొరియాల ఫ్యాక్టరీ పని, నెలకు లక్షన్నర జీతం, కొరియన్ భాష రెండు నెలలు నేర్పిస్త, మొత్తం నాలుగు లక్షలు కట్టు అంటున్నడు. భాష నేర్చుకుంట, కష్టం కాదు. పోవచ్చునా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: వద్దు తమ్మీ. ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

కొరియాలో ఫ్యాక్టరీలకు, పొలాలకు విదేశీ కూలీలను తీసుకునే పద్ధతిని ఈపీఎస్ అంటారు, 2004 నుంచి నడుస్తోంది. కొరియా ప్రభుత్వం కొన్ని దేశాల ప్రభుత్వాలతో ఒప్పందం చేసుకుని, వాళ్ల దగ్గర భాషా పరీక్ష పెట్టి మనుషులను తీసుకుంటుంది. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆ జాబితాలో ఉన్నాయి. నీతో దుబాయ్‌లో పనిచేసిన నేపాల్ వాళ్లను అడుగు, ఆ పరీక్ష కోసం వాళ్లు ఎంత చదువుతారో చెబుతారు. ఆ జాబితాలో ఇండియా లేదు. ఉన్న దేశాల్లో కూడా అది ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి జరిగే పని, మధ్యలో ఏజెంటుకు చోటే లేదు.

మరి నీ ఏజెంటు ఏం వీసా ఇస్తాడు? బహుశా టూరిస్టు వీసానో, భాష నేర్చుకునే స్టూడెంట్ వీసానో. వాటి మీద పోయి అనుమతి లేకుండా ఫ్యాక్టరీలో చేరితే దొరికితే వెనక్కి విమానం ఎక్కిస్తారు, కొన్నేళ్ల దాకా మళ్లీ రానివ్వరు. గల్ఫ్‌లో విజిట్ వీసా మీద పోయి ఇరుక్కున్నవాళ్లను నువ్వే చూసి ఉంటావు.

నిపుణులకు వేరే వీసా ఉంది, దాన్ని ఈ-7 అంటారు. దానికి కంపెనీ పేరుతో కాంట్రాక్టు, నీ పనికి సర్టిఫికెట్లు కావాలి. అట్లాంటిదే అంటే ఆ ఏజెంటు పేరు, లైసెన్స్ నంబరు అడిగి కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయిన ఏజెంటు సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. నాలుగు లక్షలు అన్నాడంటేనే సంగతి అర్థం చేసుకో. అనుమానం ఉంటే హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది, విదేశాలకు పనికి పోయేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిందే, అక్కడ అడుగు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే రసీదు, ఫోన్‌లో మాట్లాడిన మెసేజ్‌లు చెరిపేయకుండా పోలీస్ స్టేషన్‌కు పో. ఊళ్లో ఇంకెవరు కట్టారో వాళ్లను కూడా వెంట తీసుకుపో.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో కొరియన్ సీరియళ్లు. అడిగితే భాష నేర్చుకుంటున్నా అంటుంది. నిజమేనా?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నంతసేపు నేర్చుకునేది ఇంగ్లీషేనమ్మా, అదీ కొంచెమే. నిజంగా నేర్చుకుంటోందో లేదో చూడాలంటే ఒక తెల్ల కాగితం ఇచ్చి మీ పేరు కొరియన్ లిపిలో రాయమనండి. రాస్తే పదింటికే పడుకునే షరతు మీద ఒక పుస్తకం కొనివ్వండి. రాయకపోతే ఫోన్ మీ తలగడ కిందికి. ఎప్‌సెట్ అయ్యాక ఆలోచిద్దాం.

ప్రశ్న: రైల్వేలో రిటైరయ్యాను. కొడుకు కోడలు కొరియాలోని సువాన్‌లో ఉంటారు. నాలుగేళ్ల మనవడు వీడియోకాల్‌లో అంతా కొరియన్‌లోనే మాట్లాడుతున్నాడు, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఈ వయసులో నాకు వస్తుందా?
– ఒక తాతయ్య, కాజీపేట

జవాబు: వస్తుంది సార్. మీకు కావలసింది టోపిక్ కాదు కాబట్టి పుస్తకాలు పక్కన పెట్టండి. నాలుగేళ్ల పిల్లవాడు మళ్లీ మళ్లీ వాడే మాటలు కొన్నే ఉంటాయి: తిన్నాను, తినను, ఇది నాది, నొప్పి, కుక్క, బస్సు, నిద్ర. కోడలిని అడిగి రోజుకు ఐదు మాటలు తెలుగు లిపిలోనే రాయించుకోండి, ఎలా పలకాలో వాట్సాప్‌లో వాయిస్ పంపమనండి. ఆ సాయంత్రం కాల్‌లో ఆ ఐదూ తప్పుగానైనా వాడండి, సరిచేయడమంటే పిల్లలకు మహా సరదా. వాళ్ల భాషలో తాతను "హరాబొజి" అంటారు. వాడు అట్లా పిలిస్తే పలకండి, కానీ "తాతా" అంటేనే రైలింజన్ కూత వినిపిస్తానని బేరం పెట్టండి. ఇంకో మాట, ఇది మీ అబ్బాయికి. బడిలో కొరియన్ ఎలాగూ వస్తుంది, ఇంట్లో మీరిద్దరూ తెలుగులోనే మాట్లాడండి.