పీఆర్ కార్డు పోతే కెనడాకు తిరిగి పోయే తోవ

బిడ్డా,

బతుకమ్మ పండుగకు హన్మకొండ వచ్చి, తిరిగి పోయే ముందు పీఆర్ కార్డు (కెనడాల శాశ్వతంగ ఉండే హోదాకు గుర్తింపు కార్డు) కనబడకపోతే ఎవరికైనా గుండె గుభేలుమంటది. పోయింది కార్డే, నీ హోదా కాదు. గడువు దాటిన కార్డుకూ ఇదే లెక్క. అయితే కార్డు లేకుంటే శంషాబాద్‌ల విమానం ఎక్కనియ్యరు. ల్యాండింగ్ పేపరు, అంటే పీఆర్ వచ్చినప్పుడు ఇచ్చిన కాగితం చూపినా, పాత కార్డు జిరాక్స్ చూపినా ఒప్పుకోరు.

కార్డు నిజంగ పోయిందా, అక్కడి రూంలనే మరిచినవా? ముందు అది తేల్చుకో. రూంల ఉంటే ఇటు వచ్చేటోళ్లతో తెప్పించుకునుడే అన్నిటికంటె సులువు. లేదంటే పీఆర్‌టీడీకి, అంటే కార్డు లేని పీఆర్ వాళ్లు కెనడాకు తిరిగి పోనీకి ఇచ్చే ట్రావెల్ డాక్యుమెంట్‌కు పెట్టుకోవాలె. విజిటర్ వీసా జోలికి పోవద్దు, పీఆర్ ఉన్నోళ్లకు అది రాదు. కొత్త కార్డుకు ఇక్కడి నుంచి పెట్టినా ఫలితం లేదు, దాన్ని దేశం బయటికి పంపరు.

దరఖాస్తు ముట్టుకునే ముందు దినాలు లెక్కవెయ్. పీఆర్ హోదా నిలవాలంటే గడిచిన 5 ఏండ్లల 730 దినాలు కెనడాల ఉండాలె. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కకొస్తయి. పీఆర్ వచ్చి 5 ఏండ్లు నిండకపోతే, మిగిలిన కాలంల 730 నిండేటట్టుంటే చాలు. కెనడా పౌరుడైన భర్తతో కలిసి బయట ఉన్న దినాలు కూడ కలుస్తయి. ఈ లెక్క మీద నేను ఇంత పట్టు ఎందుకు పడుతున్ననంటే, పీఆర్‌టీడీ అడిగితే ఆఫీసరు నీ దినాలన్నీ విప్పి చూస్తడు. తక్కువైతే కారణాలు రాసి రుజువులు పెట్టాలె. కాదంటే 60 దినాలల అప్పీలుకు పోవాలె, లేకుంటే హోదాకే ఎసరొస్తది.

పీఆర్‌టీడీకి ఫారం ఐఎంఎం 5524. పోయిన కార్డుకైతే ఐఎంఎం 5451 డిక్లరేషన్ కూడ జతచెయ్. ఫీజు మనిషికి 50 కెనడా డాలర్లు, పిల్లలకూ వేరు వేరు దరఖాస్తే. పాస్‌పోర్టుల పేజీలన్నీ స్కాన్ చెయ్, పాత పాస్‌పోర్టు కూడ వదలకు. ట్యాక్స్ అసెస్‌మెంట్ నోటీసులు, జీతం స్లిప్పులు, కిరాయి కాగితాలు దినాలకు సాక్ష్యం. బయట ఉన్న తేదీలు ముద్రలతో సరిపోవాలె, దరఖాస్తులు ఎక్కువ చిక్కేది అక్కడనే. ఫొటో స్టూడియోల ఊరికె పాస్‌పోర్టు సైజు అనకు, దరఖాస్తు గైడుల ఉన్న కొలతలు ఫోన్ల చూపించి తీయించు. పోలీస్ స్టేషన్‌ల పోయిందని రాసిచ్చి రసీదు తీసుకో. తొందర ఉంటే కారణం రాసి రుజువు పెట్టు. అంతేగని రీఫండ్ రాని టికెట్ మాత్రం ముందే కొనకు.

అమెరికా వీసా చేతిల ఉంటే ఇంకో తోవ ఉంది. అక్కడ దిగి, సొంత కారుల గానీ కిరాయి కారుల గానీ సరిహద్దుకు పోయి, ల్యాండింగ్ పేపరూ పాస్‌పోర్టూ చూపొచ్చు. బస్సు, రైలు పనికిరావు, వాటికి విమానం నియమమే. దినాలు తక్కువున్నోళ్లను అక్కడ కూడ నిలదీస్తరు.

పీఆర్‌టీడీ మామూలుగ ఒక్కసారి ప్రవేశానికే ఇస్తరు. అందుకె దిగంగనే కొత్త కార్డుకు పెట్టు, అది చేతికొచ్చేదాక మళ్ల ఇటు టికెట్ తీసుకోకు.

మీ మామ